రెండు దేశాల గ్లౌజులు

పిల్లలూ! మీలో చాలామంది క్రికెట్ ఆడతారు. బంతి గాలిలోకి లేచినప్పుడు దాని కింద నిలబడి, రెండు చేతులూ దోసిలి పట్టి, గుండె దడదడలాడుతుండగా ఎదురుచూడటం మీకు అలవాటే. బంతి వచ్చి అరచేతిలో పడగానే చెయ్యి చుర్రుమంటుంది. క్రికెట్లో వికెట్ కీపరు ఒక్కడికే గ్లౌజులుంటాయి. మిగిలిన పదిమందీ ఒట్టి చేతులతోనే బంతిని పట్టాలి.

బేస్‌బాల్ అని మరొక ఆట వున్నది. అందులో బంతిని ఆపేవాళ్ళు తొమ్మిదిమంది. తొమ్మిదిమందికీ తోలు గ్లౌజులుంటాయి. అయితే ఒక్కొక్కరికి ఒక్కటే, రెండు కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైన నేను ఈ చిన్న సంగతి తెలియక మా ఇంట్లోనే నవ్వులపాలయ్యాను. నవ్వులతోనే పోయివుంటే మీకు చెప్పకపోదును. ఆ తరువాత జరిగినదే అసలు సంగతి.

మా అమ్మాయి కుటుంబం అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో వుంటున్నది. నిరుడు వేసవి సెలవులకు అమ్మాయి, పదేళ్ళ మనుమడూ తెనాలి దగ్గర వున్న మా ఊరికి వచ్చారు. మనుమడు తన పెట్టెలో బట్టలకన్న ముందుగా ఒక పెద్ద తోలు గ్లౌజు పెట్టుకు వచ్చాడు. ఊళ్ళో పిల్లలు దాన్ని చూసి, "ఇదేమిట్రా, కుండ మీద మూతలాగా వున్నది!" అన్నారు.

అదే రోజులలో నా పాత విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. అతను జపాన్ దేశంలో, ఒసాకా నగరంలో ఇంజనీరు. జపాన్‌లో ఆగస్టు మధ్యలో బోన్ అనే పండుగ వస్తుంది. మనం మహాలయ పక్షంలో పెద్దలను తలుచుకున్నట్టుగా వాళ్ళు అప్పుడు పితృదేవతలను తలుచుకుంటారు. ఆ సెలవులకు అతను ఊరికి వస్తున్నాడు.

"మేష్టారూ, మీ మనుమడు బేస్‌బాల్ ఆడతాడటగదా? జపాన్ గ్లౌజు ఒకటి తెస్తాను. అబ్బాయి ఏ చేత్తో బంతి విసురుతాడు?" అని అడిగాడు.

"ఏ చేత్తో ఏమిటి? కుడిచేత్తోనే!" అన్నాను నేను. మనుమణ్ణి పిలిచి అడగనైనా లేదు.

ఆగస్టు పదిహేను జెండా వందనం అయిన మరునాడు అతను గ్లౌజు పట్టుకుని వచ్చాడు. మా వసారాలో బల్ల మీద రెండు గ్లౌజులూ పక్కపక్కన పెట్టాము. ఒకదాని బొటనవేలు ఇటు, రెండోదాని బొటనవేలు అటు వున్నది. అచ్చం చెప్పుల జతలాగా కనిపించాయి. "బాగున్నది. ఒకటి కుడిచేతికి, ఒకటి ఎడమచేతికి. జత కుదిరింది!" అన్నాను సంతోషంగా.

మనుమడు పకపకా నవ్వాడు. "తాతయ్యా! రెండు చేతులకూ వేసుకుంటే బంతి విసిరేదెలా?" అన్నాడు.

ఆ ప్రశ్నతో నా కళ్ళు తెరుచుకున్నాయి. గ్లౌజు వేసుకునేది బంతి విసరని చేతికి. కుడిచేత్తో విసిరేవాడు ఎడమచేతికి వేసుకుంటాడు. ఎడమచేత్తో విసిరేవాడు కుడిచేతికి వేసుకుంటాడు. అమెరికాలోనైనా, జపాన్‌లోనైనా దుకాణంవాడు మొదట అడిగేది, "ఏ చేత్తో విసురుతావు?" అనే. నా శిష్యుడు తెచ్చినది కుడిచేత్తో విసిరేవాడిది. మనుమడి అమెరికా గ్లౌజు ఎడమచేత్తో విసిరేవాడిది.

అంటే నా మనుమడు పుర్రచేతివాడు! ఇంటికి వచ్చి నెల దాటినా నాకు తెలియలేదు. అన్నం కుడిచేత్తోనే తింటున్నాడు, వాళ్ళ అమ్మ అలా నేర్పింది. రాసేటప్పుడు మాత్రం నా కంటబడకుండా మేడమీద కూర్చుని రాసుకుంటున్నాడు. నేను అమ్మాయి వంక చూశాను. అది తలవంచుకుని, "మీకు తెలిస్తే కోప్పడతారని చెప్పలేదు, నాన్నా" అన్నది.

ఆ మాట తరువాత చెబుతాను. ముందు గ్లౌజుల సంగతి చెప్పుకుందాం. రెండూ రెండు చేతులవి కావటంవల్ల నాకు ఒక లాభం కలిగింది. కుడిచేతికి అమెరికాది, ఎడమచేతికి జపాన్‌ది తొడుక్కుని, రెండింటినీ ఒకేసారి పోల్చి చూశాను. నా శిష్యుడూ, మనుమడూ చెరొక దేశం వకీళ్ళలాగా నాకు విషయాలు చెప్పారు.

అసలు గ్లౌజు ఎందుకు? బేస్‌బాల్ బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు. క్రికెట్ బంతి ఇంతకంటె కొంచెం బరువు, 156 నుంచి 163 గ్రాములు. బేస్‌బాల్ నడుమ బెండూ రబ్బరూ కలిసిన గుండు వుంటుంది. దానికి ఉన్ని దారం బిగించి చుట్టి, పైన తోలు వేసి, ఎర్రదారంతో 108 జంటకుట్లు కుడతారు. ఈ బంతి గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకోండి. అంటే సెకనుకు 30 మీటర్లు. దాన్ని ఒట్టి అరచేత్తో 3 సెంటీమీటర్ల దూరంలో ఆపితే, చేతి మీద 200 కిలోల బరువుకు పైగా పడినట్టు వుంటుంది. గ్లౌజు లోపలికి వంగి, చెయ్యి వెనక్కు జరిగి, 15 సెంటీమీటర్ల దూరంలో ఆపితే ఆ బలం అయిదోవంతుకు తగ్గుతుంది. ఆపే దూరం ఎన్ని రెట్లు పెరిగితే దెబ్బ అన్ని రెట్లు తగ్గుతుంది. క్రికెట్లో క్యాచి పట్టేటప్పుడు చేతులు వెనక్కు లాగమని పెద్దలు చెప్పేది ఇందుకే.

ఇంత తేలికైన సంగతి తెలిసినా మొదట్లో అమెరికావాళ్ళు గ్లౌజు వేసుకోవటానికి సిగ్గుపడ్డారు. 1875లో చార్లీ వెయిట్ అనే ఆటగాడు చేతికి పలచని తోలు తొడుగు వేసుకున్నాడు. అది ఎవరి కంటా పడకుండా ఒంటిరంగుది ఎంచుకున్నాడు. 1877లో ఆల్బర్ట్ స్పాల్డింగ్ అనే పేరుమోసిన ఆటగాడు నల్లటి గ్లౌజుతో దర్జాగా మైదానంలోకి వచ్చాడు. అంత గొప్పవాణ్ణి చూసి ఎవరు నవ్వుతారు? క్రమంగా మిగిలినవాళ్ళూ వేసుకున్నారు.

ఆ కాలపు గ్లౌజు చేతికి పరుపులాంటిదే. బంతి వచ్చి తగిలితే నొప్పి తగ్గేది, అంతే. 1920 ప్రాంతంలో బిల్ డోక్ అనే బౌలరు సలహా మీద బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ తోలు వార్లతో వల అల్లారు. అప్పటినుంచి గ్లౌజు పరుపు కాదు, బుట్ట అయింది. చెయ్యి నొవ్వకుండా కాపాడటమే కాక, బంతిని తానే పట్టుకోవటం మొదలుపెట్టింది. 1957లో విల్సన్ కంపెనీవారు ఎ2000 అనే పెద్ద గ్లౌజు తెచ్చారు. అది పుస్తకం మూసినట్టు మూసుకునేది. నేటి అమెరికా గ్లౌజులలో దాని పోలిక ఇంకా కనిపిస్తుంది.

మరి జపాన్‌కు ఈ ఆట ఎలా వెళ్ళింది? ఇది చెప్పటానికి నాకు గర్వంగా వున్నది. తీసుకువెళ్ళినవాడు సైనికుడూ కాదు, వర్తకుడూ కాదు, ఒక బడిపంతులు! హోరస్ విల్సన్ అనే అమెరికా ఉపాధ్యాయుడు టోక్యోలో పాఠాలు చెబుతూ, 1872లో తన శిష్యులకు ఈ ఆట నేర్పాడు. 1894లో దీనికి "యాక్యూ" అని జపాన్ పేరు పెట్టారు. యా అంటే మైదానం, క్యూ అంటే బంతి. ఒసాకాలోని మిజునో కంపెనీవారు 1913 నుంచి గ్లౌజులు తయారుచేస్తున్నారు. గురువు అమెరికావాడే అయినా, శిష్యులు ఆటనూ పనిముట్లనూ తమ పద్ధతిలోకి మార్చుకున్నారు.

ఇక తేడాలు చూద్దాం. మొదటి తేడా తోలులో వున్నది. అమెరికా గ్లౌజులకు ఎక్కువగా బాగా ఎదిగిన ఎడ్ల తోలు వాడతారు. అది దళసరిగా, బిరుసుగా, దిట్టంగా వుంటుంది. జపాన్ మంచి గ్లౌజులకు తరచుగా "కిప్" అనే తోలు వాడతారు. ఇది లేగదూడదీ కాదు, ముదురు పశువుదీ కాదు; నడిమి వయసు పశువుది. దాని పైపొర సన్నగా, నున్నగా వుంటుంది. బరువు తక్కువ, అయినా గట్టిది. నేను కళ్ళు మూసుకుని వేలితో రాసి చూశాను. అమెరికా తోలు కొత్త కిర్రుచెప్పులాగా, జపాన్ తోలు మంచి పుస్తకం అట్టలాగా తగిలింది. అమెరికాలో కూడా కిప్ తోలు గ్లౌజులు లేకపోలేదు. నేను చెప్పేది ఎక్కువగా కనిపించే పద్ధతి.

రెండో తేడా చెయ్యి దూర్చే చోట. మనుమడి గ్లౌజు మణికట్టు దగ్గర విశాలంగా వున్నది. నా శిష్యుడు తెచ్చినది అక్కడ ఇరుకుగా వుండి, చేతికి గాజులాగా పట్టుకున్నది. అమెరికా గ్లౌజు వేసుకుంటే చేతిలో ఒక వస్తువు వున్నట్టు వుంటుంది. జపాన్‌ది వేసుకుంటే చెయ్యే కొంచెం పెద్దదైనట్టు తోస్తుంది.

మూడోది బంతి కూర్చునే గుంట. ఇదే ముఖ్యం. అమెరికాలో బంతిని పరుగెత్తుతూ, పక్కకు వంగుతూ, ఒంటిచేత్తో అందుకోవటం ఎక్కువ. కనుక గ్లౌజు పొడుగ్గా, గుంట లోతుగా వుంటుంది. బంతి వలలో చిక్కి బయటికి రాదు. ఎంత పొడుగైనా పెట్టవచ్చునా అంటే, కుదరదు. అక్కడి పెద్ద పోటీల నియమాల ప్రకారం 13 అంగుళాలు మించకూడదు. జపాన్ బడులలో పిల్లలకు వేరుగా నేర్పుతారు. నేల మీద దొర్లి వచ్చే బంతికి ఎదురుగా పోయి, ఒళ్ళు వంచి, గ్లౌజు నేలకు ఆనించి, రెండో చెయ్యి పక్కనే వుంచి పట్టాలి. పట్టగానే విసరాలి. బంతి గుంటలో దాక్కుంటే, వేళ్ళతో వెతికి తీయటానికి ఆలస్యమవుతుంది. అందుకని మైదానం లోపలివరసలో ఆడేవాళ్ళకు గుంట లోతు తక్కువగా, నోరు వెడల్పుగా వుండే గ్లౌజులంటే ఇష్టం. బంతి అరచేతికి తగిలీ తగలకముందే రెండో చేతిలోకి వెళ్ళిపోతుంది. ఒకటి గంపలాంటిది, రెండోది పళ్ళెంలాంటిది అనుకోండి. గంపలోంచి ఏదీ జారిపోదు. పళ్ళెంలోంచి ఏదైనా చప్పున అందుకోవచ్చు.

నేల కూడా ఇందుకు కొంత కారణమని నా శిష్యుడు అన్నాడు. అమెరికా మైదానాలలో లోపలి భాగంలో పచ్చిక పెంచటం ఎక్కువ. జపాన్ బడుల మైదానాలు చాలావరకు మట్టినేలలే, మన బడి మైదానాలలాగానే. అక్కడి హైస్కూలు పిల్లల పెద్ద పోటీ 1915లో మొదలయింది. అది జరిగే కోషియెన్ మైదానం 1924లో కట్టారు. దాని లోపలిభాగం ఇప్పటికీ నల్లమట్టే. ఓడిపోయిన జట్టు పిల్లలు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఆ మట్టిని సంచిలో నింపుకుని ఇంటికి తీసుకువెడతారు.

నాలుగో తేడా మీకు నచ్చుతుంది. జపాన్‌లో రెండురకాల బేస్‌బాల్ వున్నది. ఒకటి తోలుబంతితో, రెండోది బోలుగా వుండే రబ్బరు బంతితో. తోలుబంతి ఖరీదూ ఎక్కువ, దెబ్బా ఎక్కువ. అందుకని నూరేళ్ళ కిందటే అక్కడివారు పిల్లలకోసం రబ్బరు బంతి తయారుచేశారు. మనవాళ్ళు సందుల్లో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడినట్టే అన్నమాట! కాని వాళ్ళు దానికి వేరే పోటీలూ, వేరే గ్లౌజులూ ఏర్పాటు చేశారు. రబ్బరు బంతి గ్లౌజు తేలికగా, మెత్తగా వుంటుంది. తోలుబంతికి దాన్ని వాడితే త్వరగా పాడైపోతుంది. జపాన్ దుకాణంలో గ్లౌజు కొనేటప్పుడు, ఏ చెయ్యి అనే కాక, ఏ బంతి అని కూడా అడుగుతారు.

అయిదోది గ్లౌజును మెత్తబరచే పద్ధతి. కొత్త గ్లౌజు చెక్కలాగా వుంటుంది, మూసుకోదు. మన పెద్దలు కిర్రుచెప్పులకు ఆముదం పట్టించి మెత్తబరిచేవారు. అమెరికా పిల్లలూ అంతే. నూనెలాంటి మందు రాసి, గుంటలో బంతి పెట్టి, తాడుతో కట్టి, పరుపు కింద పెట్టుకుని నిద్రపోతారు. జపాన్‌లో వేడినీళ్ళ పద్ధతి ఒకటి వున్నది. గ్లౌజును కాసేపు వేడినీళ్ళలో ముంచి, చపాతీ పిండిలాగా పిసికి, మడతలు పడవలసిన చోట మడతపెట్టి, కొట్టి, నీడన ఆరబెడతారు. తోలులో సన్నని పోగులు ఒకదానితో ఒకటి అల్లుకుని వుంటాయి. తడీ వేడీ తగిలితే అవి సడలుతాయి. ఆరేటప్పుడు ఏ ఆకారంలో వుంచితే ఆ ఆకారంలో నిలుస్తాయి. కాని వేడి మరీ ఎక్కువైతే పోగులు ముడుచుకుపోయి, తోలు గట్టిపడి చెడిపోతుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్ళకు అప్పగిస్తారు. మీరు ఇంట్లో నాన్నగారి బూట్లతో ప్రయత్నించకండి!

ఆరోది గ్లౌజును చూసుకునే తీరు. వెనక అమెరికాలో ఆటగాళ్ళు తమ జట్టు బాటింగుకు వెళ్ళేటప్పుడు గ్లౌజులను మైదానంలో గడ్డిమీదే వదిలి వెళ్ళేవారు. 1954లో నియమం మార్చి ఆ అలవాటు మాన్పించారు. జపాన్‌లో పిల్లలకు ఆటతోపాటు గ్లౌజు తుడవటం కూడా నేర్పుతారు. ఆట అయినాక దుమ్ము దులిపి, మైనం పట్టించి, గాలి తగిలేచోట పెట్టాలి. అక్కడి వానాకాలం మన వానాకాలంలాంటిదే. తోలుకు బూజు పడుతుంది. ఇచిరో సుజుకి అనే జపాన్ ఆటగాడు అమెరికాకు వెళ్ళి ఆడుతూ కూడా తన గ్లౌజును తానే రోజూ తుడుచుకునేవాడు. అతని గ్లౌజులు జపాన్‌లోనే పనివాళ్ళు చేత్తో కుట్టినవి. మైదానంలో బంతిని బాగా పట్టినవారికి అమెరికాలో "గోల్డ్ గ్లవ్", అంటే బంగారు గ్లౌజు అనే బహుమతి ఇస్తారు. ఇచిరో 2001 నుంచి 2010 దాకా వరసగా పదేళ్ళు దాన్ని గెలిచాడు.

అయితే ఏది మంచిది? ఈ ప్రశ్న నేను అడిగాను. మనుమడు, "నాదే!" అన్నాడు. నా శిష్యుడు నవ్వి, "ఎవరి చేతికి కుదిరింది వాళ్ళకు మంచిది, మేష్టారూ" అన్నాడు. ఇప్పుడు అమెరికా కంపెనీల గ్లౌజులు చాలామటుకు ఆసియా దేశాలలో కుడుతున్నారు. టెక్సాస్‌లోని నోకోనా కంపెనీలాంటివారు ఏ కొద్దిమందో అక్కడే కుడుతున్నారు. అమెరికాలో జపాన్ గ్లౌజులు వాడేవారున్నారు, జపాన్‌లో అమెరికావి వాడేవారున్నారు. కనుక అమెరికా పద్ధతి, జపాన్ పద్ధతి అనేవి ఆడే తీరులో పుట్టిన తేడాలేగాని, గొప్పాతక్కువా కావు.

మాటలయినాక, అతను తెచ్చిన గ్లౌజును మనుమడు ఎడమచేతికి తొడుక్కుని కుడిచేత్తో బంతి విసరబోయాడు. పాపం, మేష్టారి శిష్యుడు తెచ్చినదని మర్యాదకు! బంతి పక్కింటి పెరట్లోకి పోయింది. అప్పుడు నా శిష్యుడు బంతి తెచ్చి, తాను విసిరాడు. ఎడమచేత్తో విసిరాడు. బంతి సూటిగా వచ్చి మనుమడి చేతిలో పడింది.

"నువ్వు కుడిచేత్తోకదా రాస్తావు?" అన్నాను నేను తెల్లబోయి.

"రాయటం కుడిచేత్తోనే, మేష్టారూ. మీరు మార్చారుగదా" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అందుకే నాకు మరీ బాధ కలిగింది.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. 1985లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరి, మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాను. ఆ తరగతిలో అతను ఒక్కడే ఎడమచేత్తో రాసేవాడు. నేను రూళ్ళకర్రతో ఆ చేతివేళ్ళ మీద కొట్టేవాణ్ణి. ఆ చెయ్యి వీపు వెనక పెట్టుకుని రాయమనేవాణ్ణి. పిల్లవాడి సహజమైన మొగ్గును గమనించాలని ట్రైనింగులో చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. కాని తరగతిలోకి వచ్చేసరికి, నా చిన్నప్పుడు నా మేష్టరు చేసిందే చేశాను. మూడు నెలల్లో అతను కుడిచేత్తో రాయటం నేర్చాడు. ఆ మూడు నెలలూ లెక్కల్లో వెనకబడ్డాడు. అది బద్ధకమని ప్రోగ్రెసు రిపోర్టులో రాశాను.

"అందుకేనా ఫోనులో ఏ చెయ్యి అని అడిగావు?" అన్నాను.

"దుకాణంలో అడుగుతారు, మేష్టారూ. అందుకే అడిగాను" అన్నాడు. కొంచెం ఆగి, "మీరు కుడిచెయ్యి అనగానే మళ్ళీ అడుగుదామనుకున్నాను. మీతో ఎదురు చెప్పటం ఇంకా అలవాటు కాలేదు" అన్నాడు.

నలభై ఏళ్ళ తరువాత నేను అతనికి క్షమాపణ చెప్పుకున్నాను. అతను వద్దువద్దంటూ నా కాళ్ళకు దండం పెట్టబోయాడు. నేను పెట్టనివ్వలేదు. మేడమీది మనుమడి పుస్తకాలు ఆనాడే కిందికి వచ్చాయి.

పిల్లలూ! లోకంలో సుమారు పదిమందిలో ఒకరు ఎడమచేతివాటంవారు. అది తప్పూ కాదు, జబ్బూ కాదు. జపాన్‌లో కూడా వెనకటి రోజులలో పెద్దలు పిల్లల ఎడమచెయ్యి మాన్పించేవారు. సదహరు ఓ అనే ఆటగాణ్ణి గురించి వినండి. అతనిది ఎడమచేతివాటం, అయినా చిన్నప్పుడు కుడిచేతివాళ్ళలాగా నిలబడి బాటింగు చేసేవాడు. ఒకనాడు దారినపోతున్న హిరోషి అరకవా అనే ఆటగాడు అతన్ని చూసి, ఎడమచేతివాళ్ళ పద్ధతిలో ఆడి చూడమన్నాడు. ఆ పిల్లవాడే పెద్దవాడై, 1959 నుంచి 1980 వరకు జపాన్ లీగులో 868 హోమ్‌రన్లు కొట్టాడు. హోమ్‌రన్ అంటే మన సిక్సరులాంటిది. దారినపోయే మనిషి ఒక్క నిమిషం ఆగి, పిల్లవాడి చేతి వంక చూశాడు. తరగతిలో ఏడాది పొడుగునా చూసిన నేను ఆ పని చేయలేకపోయాను.

ఇంకొక సంగతి. షోహెయి ఓతాని అనే జపాన్ ఆటగాడు ఇప్పుడు అమెరికాలో ఆడుతూ గొప్ప పేరు తెచ్చుకున్నాడు. అతను 2023 నవంబరులో ఒక ప్రకటన చేశాడు. జపాన్‌లోని ప్రాథమిక పాఠశాలలన్నిటికీ, సుమారు 20,000 బడులకు, పిల్లల గ్లౌజులు కానుకగా పంపుతానన్నాడు. మొత్తం సుమారు 60,000 గ్లౌజులు. అన్నమాట ప్రకారం పంపాడు. బడికి మూడేసి వచ్చాయి. ఆ మూడింటిలో రెండు కుడిచేత్తో విసిరేవాళ్ళకు, ఒకటి ఎడమచేత్తో విసిరేవాళ్ళకు! ఓతాని బంతి విసిరేది కుడిచేత్తోనే. అయినా ప్రతి బడిలోనూ ఒక మూల పుర్రచేతి పిల్లవాడు నిలబడివుంటాడని మరచిపోలేదు.

నా శిష్యుడు తెచ్చిన గ్లౌజును మా ఊరి బడికి ఇచ్చాము. మనుమడు ఊళ్ళో వున్నన్నాళ్ళూ బడి మైదానంలో సాయంత్రాలు దానితో ఆట సాగింది. అమెరికా గ్లౌజు ఒకవైపు, జపాన్ గ్లౌజు మరొకవైపు, నడుమ మన టెన్నిస్ బంతి!

మనుమడు తిరిగి వెళ్ళేముందు వాడికి తెలుగు అక్షరాలు దిద్దించాను, ఎడమచేత్తోనే. ఎడమచేత్తో రాసేవారు కాగితం పై అంచును కుడివైపుకు కాస్త వాల్చి పెట్టుకుంటే, చెయ్యి అక్షరాల కింద వుంటుంది, సిరా అలుక్కుపోదు. ఈ చిన్న సంగతి నేను 1985లో ఒక్కరోజు ఆలోచించినా తెలిసేదే.

మీ తరగతిలో ఎడమచేత్తో రాసే పిల్లవాడుగాని, పిల్లగాని వుంటే, రేపు ఒక పని చేయండి. బెంచీకి ఎడమ చివర వాళ్ళను కూర్చోనివ్వండి. రాసేటప్పుడు మీ మోచెయ్యీ వాళ్ళ మోచెయ్యీ ఢీకొనవు. మీ మేష్టారు ఎందుకని అడిగితే, ఒక పాత మేష్టరు చెప్పాడని చెప్పండి.